బండి చేతులు

ఫిబ్రవరి 3

చెల్లీ,

మీ ఆయన నాకొక మాట ఇచ్చాడు. "బావా, బండి ఒక్క వారం ఇవ్వు. కొట్టుకి బట్టల తాన్లు తెచ్చుకుని, వారం తిరక్కుండా నీ వాకిట్లో పెడతాను" అన్నాడు. అప్పటికి ఆయన మీసాలు నల్లగా ఉన్నాయి, నాకు తల మీద జుట్టు ఉంది. ఆ వారం ఇంకా పూర్తి కాలేదు. ఆయన పూర్తయిపోయాడు. పోయినవాళ్ళ గురించి చెడ్డ మాట అనకూడదంటారు. ఎవరంటారు? తమ గురించి రేపు ఎవరేమంటారోనని భయపడే వాళ్ళంటారు. నాకా భయం లేదు.

ఆ బండి నాది. నాన్న పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు పని నుంచి దిగిపోయిన రోజున తాళం చెవి నా అరచేతిలో పెట్టి "ఇది నీదిరా" అన్నారు. ఆయన నోటివెంట మాట వచ్చిందంటే అచ్చయిపోయినట్టే. మన ఇంట్లో మాట మీద నిలబడిన మనిషిని ఆయన్నొక్కడినే చూశాను. ఇంత రాశాక నువ్వు మూతి ముడుచుకుంటావని తెలుసు. ముడుచుకో.

ఇక్కడి సంగతులు చెప్పడానికి కూడా రోత. కింద వాటాలో అతను తెల్లవారగానే గొంతు సవరించుకోవడం మొదలుపెడతాడు. ఆ సవరణ సాయంత్రానికి కూడా పూర్తి కాదు. లైబ్రరీలో రెండు బీరువాలు బయటికి నెట్టి టీవీ పెట్టారు. కొత్త నవల ఒకటి తెచ్చుకున్నాను. మొదటి పేజీలోనే ‘కృతజ్ఞతలు’ తప్పు. అది కూడా రాయలేనివాడు ఎవరికి కృతజ్ఞుడై ఉంటాడు? ప్రెస్సులో ప్రూఫులు దిద్ది దిద్ది కళ్ళు పోగొట్టుకున్నది ఈ పుస్తకాలు చదవడానికా?

కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి ముందుకి బాగా చాపితే ప్రాణం పోతుంది. పై అరలోని పుస్తకాలు పై అరలోనే ముసలివైపోతున్నాయి.

అసలు సంగతి. మీ ఆయన లేడు, నువ్వు బండి తోలవు. అది నీ కొట్టు వెనక షెడ్డులో కుళ్ళుతోంది. నాకు పంపించు. సాయంత్రాలు వంతెన దాకా వెళ్ళి వస్తాను. నన్ను ఈ గదిలోంచి బయటికి లాగేది ఇంకేదీ మిగల్లేదు. ఉన్నది ఉన్నట్టుగా లారీకి ఎక్కించు. ఎవరి చేతా ముట్టించకు, ముఖ్యంగా మీ వీధి చివరి మెకానిక్ ఆ నట్టుగాడి చేత. నోట్లో నట్టు పెట్టుకుని మాట్లాడేవాడి మాటా నమ్మలేం, పనీ నమ్మలేం.

ఫోను చేయకు. నా చెవికి ఫోనులో నీ మాటలన్నీ అచ్చుతప్పుల్లా వినిపిస్తాయి.

అన్నయ్య


ఫిబ్రవరి 19

అన్నయ్యకి,

నీ ఉత్తరం అందింది. నువ్వు ఎవరినైనా తిడుతున్నావంటే ఒంట్లో బాగానే ఉందని అర్థం. సంతోషం.

బడి పిల్లల యూనిఫారాలతో కొట్టులో కాలు పెట్టే చోటు లేదు. ఎక్కడ చూసినా నీలం ముక్కలు. నిన్న ఒకడి నిక్కరుకి ఇంకొకడి జేబు కుట్టేశాను. వాళ్ళమ్మ వచ్చి "ఇదేమిటండీ, మా వాడికి మూడు జేబులు?" అంది. "పెద్దయ్యాక పనికొస్తుందిలెండి" అన్నాను. నవ్వి తీసుకెళ్ళింది. మంచిది.

బండి సంగతి. నువ్వు ముట్టుకోవద్దన్నావు. తిడతావని తెలిసీ చెబుతున్నాను. బండి చేతులు మార్చేశాను. నట్టు వచ్చి పట్టుకెళ్ళాడు. పడేసేకంటే తనకైతే పనికొస్తుందన్నాడు, సరే అన్నాను. మిగతాది నేను రాయను, కళ్ళారా చూద్దువుగాని. అప్పుడు నీ మొహం చూడాలని ఉంది నాకు.

భుజానికి గోరువెచ్చని నీళ్ళ కాపడం పెట్టుకో. పుస్తకాలతో కాదు.

నీ చెల్లెలు


ఫిబ్రవరి 25 (కార్డు)

చెల్లీ,

కవరులో పెట్టకుండా కార్డు మీద రాస్తున్నాను. దారిలో ఎంతమంది చదివితే అంత మంచిది. చేతులు మార్చేశావా? ముందు ఆ వాక్యం దిద్దుకో. ‘బండి చేతులు మార్చేశాను’ అని రాయరు, ‘బండి చేతులు మారింది’ అని రాస్తారు. దొంగ సొత్తు అమ్ముకోవడానికి కూడా వ్యాకరణం ఉంది. మొగుడు వారానికని తీసుకెళ్ళి ఎగ్గొట్టాడు, పెళ్ళాం ఆ ఎగ్గొట్టినదాన్ని నట్టుగాడికి అమ్మేసింది. కుట్టు కొట్టంటే అతుకులు వేస్తారనుకున్నాను గానీ అన్నదమ్ముల సొత్తు కత్తిరిస్తారని తెలియదు. పైగా కళ్ళారా చూడమంటావు! నా మొహం చూడాలని ఉందా? ఇక చూడవు. నాన్న ఉంటే ఇలా జరగనిచ్చేవారు కాదు. నీ కొట్టుకి వచ్చేవాళ్ళందరూ తమ బట్ట ముక్కలు ఒకసారి కొలిచి చూసుకోవడం మంచిది.

ఇట్లు, బండి ఆసామీ


మార్చి 6

అన్నయ్యకి,

కార్డు వచ్చేటప్పటికి నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో కనపడలేదు. అంచులు మడిపించుకోవడానికి వచ్చినావిడ బల్ల మీద కూర్చుని ఉంది. "మా అన్నయ్య రాశాడు, కాస్త చదివి పెట్టమ్మా" అన్నాను. రెండో వాక్యానికే ఆవిడ గొంతు తగ్గిపోయింది. నేనే, "గట్టిగా చదువమ్మా, మా అన్నయ్య రాతలో భలే చమత్కారం ఉంటుంది" అన్నాను. చదివింది పాపం. కొట్టులో ఇంకో ముగ్గురున్నారు. ఆవిడ తన బట్ట తీసి, కొలవలేదు గానీ, మడిచి సంచిలో పెట్టుకుంది. "ఇంకోసారి వస్తాను లెండి" అంది.

ఇప్పుడు విను. మన ఇంట్లో హ్యాండిల్ని హ్యాండిల్ అని ఎవరన్నారు? నాన్నకి బండి కూడా పశువే. హెడ్‌లైటు కన్ను, ట్యాంకు పొట్ట, సైలెన్సరు తోక. "పశువుకి లేనివి దీనికి రెండున్నాయిరా" అని హ్యాండిల్ పట్టుకుని చూపించేవారు. చేతులు. చేతులు తుడవండి, చేతులు వంకరపోయాయి, చేతులు మార్చాలి. నువ్వూ అలాగే అనేవాడివి. ప్రెస్సులో చేరాక మరిచిపోయావు కాబోలు. నేను రాసింది సరిగ్గానే రాశాను. నువ్వు దిద్ది తప్పు చేశావు.

నీ భుజం చాపలేనన్నావు. ఆ పాత హ్యాండిల్ కిందికి, దూరంగా ఉంటుంది. దాన్ని అందుకోవాలంటే పొట్ట మీద పడుకోవాలి. పైకి లేచి వెనక్కి వంగినది తెప్పించాను. నట్టు మీద నీకు నమ్మకం లేదని బండి మీద వాణ్ణి చెయ్యి వేయనివ్వలేదు. నేనే చేశాను. పాత గ్రిప్పుల రబ్బరు గడ్డకట్టి, ముట్టుకుంటే నల్లగా జిగురు అంటుకునేది. ఎంత లాగినా రాలేదు. కాజాలు కోసే బ్లేడుతో చీల్చి తీశాను. చేతి వాసన ఇప్పటికీ వదల్లేదు. కొత్తవి రెండూ ఒకలాగే ఉంటాయనుకుని కుడిదాన్ని ఎడమవైపు ఎక్కించాను, వదులుగా ఊడి చేతిలోకి వచ్చింది. కుడివైపుది యాక్సిలరేటరు తిరిగే గొట్టం మీద ఎక్కాలి కాబట్టి దాని బెజ్జం పెద్దదిట. సబ్బు నీళ్ళు రాసి ఎక్కించి, ఆరేదాకా ముట్టుకోలేదు. బిగింపు బోల్టులు ఒక్కసారే తిప్పేయకుండా, కాలరు కొసలు సమం చేసినట్టు, ఇటు కాస్త అటు కాస్త బిగించాను. హ్యాండిల్ ఎత్తు పెరిగేసరికి పాత వైర్లు చాలలేదు. ఎడమవైపు తిప్పితే చాలు, యాక్సిలరేటరు వైరు లాక్కుని బండి దానంతట అదే అరిచేది. అచ్చం నీలాగే. పొడుగువి వేశాను.

ఎత్తు ఎంత ఉండాలో ఎలా తెలిసిందంటావా? నీ కొలతలు నా దగ్గర లేవూ? నీకు కుట్టి పంపకుండా ఆగిపోయిన చొక్కా ఒకటుంది. దాంట్లో పాత గుడ్డలు కూరి, సీటు మీద కూర్చోబెట్టి, మోచెయ్యి వంచి, చేతులు ఎక్కడికొస్తున్నాయో అక్కడికి హ్యాండిల్ వచ్చేలా తిప్పి బిగించాను. నువ్వే కూర్చున్నట్టుంది. నోరు లేదు కాబట్టి నీకంటే బాగుంది.

నట్టు పట్టుకెళ్ళింది ఆ పాత ఇనుప కడ్డీని. వంకర తీసి ఇంకెవరి బండికైనా వేస్తానన్నాడు.

లారీవాణ్ణి కూడా మాట్లాడాను. నీ కార్డు వచ్చాక మానేయమని చెప్పాను. మొన్న నట్టుని పిలిచి బండి వాడికే ఇచ్చేశాను, కాగితాలతో సహా. నేను అమ్ముకున్నానన్నావు, ఊరికే ఇచ్చాను. ఇప్పుడు నువ్వు దిద్దిందే సరైన వాక్యం. బండి చేతులు మారింది.

చెల్లెలు


మార్చి 12

చెల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి విషయానికి, రెండోసారి తప్పులకి.

హ్యాండిల్ అనే మాట అందరికీ తెలుసు. రోడ్డు మీద పోయే ఎవరినైనా పిలిచి ‘చేతులు మార్చేశాను, పట్టుకెళ్ళాడు’ అని చెప్పి చూడు. హ్యాండిల్ అని ఒక్కడు అర్థం చేసుకుంటే నేను గుండు గీయించుకుంటాను. గీయడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదనుకో. కర్త ఎవరో, కర్మ ఏదో లేకుండా వాక్యాలు గాలిలోకి వదిలి, పట్టుకోలేదని చదివినవాణ్ణి తిడతావేమిటి?

కార్డు నీ చేతికే రాశాను. ఇంకొకరి చేత చదివించుకోమన్నానా? అవును, నలుగురూ చదవాలని రాశాను. కోపంలో ఉన్నవాడు సవాలక్ష రాస్తాడు.

బండిని నట్టుగాడికి ధారపోయడం మాత్రం పచ్చి పొగరు. వాడు దాన్ని ముక్కలు చేసి, కన్ను ఒకడికి, తోక ఒకడికి అతికిస్తాడు.

ఒకటి అడుగుతాను. దీనంతటికీ మొదలెక్కడ? మీ ఆయన వారం తిరక్కుండా తెచ్చి వాకిట్లో పెట్టి ఉంటే నా బండి నా దగ్గర ఉండేది, నువ్వు బ్లేడు పట్టుకునే అవసరమే ఉండేది కాదు, నేను కార్డు రాసేవాణ్ణీ కాదు. నన్ను జవాబు చెప్పమంటావు. ఆయన చెప్పాల్సిన జవాబు సంగతేమిటి? బతికున్నన్నాళ్ళూ నా ఎదుటపడితే తల దించుకుని తప్పుకున్నాడే, అది నేరం చేసినవాడి నడక కాదా?

నాకు ఆ చొక్కా అక్కర్లేదు.

అన్నయ్య


మార్చి 20

అన్నయ్యకి,

ఇది రాయకూడదనే ఇన్నాళ్ళూ ఆగాను. ఇక ఆగను.

మీ బావ వారం తిరక్కుండానే బండి తెచ్చాడు. వెనక నేను కూర్చుని వచ్చాను. కడిగి, తుడిచి తెచ్చాం. నువ్వు ప్రెస్సులో ఉన్నావు. నాన్న గేటు దగ్గరికి వచ్చారు గానీ గేటు తీయలేదు.

"వెనక్కి తీసుకెళ్ళండి అల్లుడు గారూ. వాడికి బండెందుకు? వాడివి కామాలు పెట్టుకునే చేతులు. మొదటి గోడకే కొట్టి నలుగురిలో నా పరువు తీస్తాడు" అన్నారు.

"మీరు మాటిచ్చారుగా మావయ్యా?" అన్నాడు మీ బావ.

"ఏదో ఆ పూట నోటికొచ్చింది, అన్నాను. నేను వద్దన్నానని మాత్రం చెప్పకండి. మీరే ఉంచేసుకున్నారనుకోనివ్వండి. కోపం వస్తుంది, వచ్చి ఎన్నాళ్ళుంటుంది?" అన్నారు.

నేను నీతో చెప్పేస్తానన్నాను. నాన్న పోయాక మళ్ళీ అన్నాను. మీ బావే వద్దన్నాడు. "మీ అన్నయ్య లోకంలో గౌరవించేది ఆ ఒక్క మనిషినే. ఆయన్ని కూడా తీసేస్తే ఏం మిగులుతుంది? నన్ను తిట్టుకోనీ, నాకేం అరిగిపోయింది?" అన్నాడు. నీ ఎదుట తల దించుకున్నది అందుకు. తల ఎత్తితే చెప్పేస్తానేమోనని.

నువ్వు మాత్రం ఒక్కసారైనా నోరు తెరిచి "బావా, బండేదీ?" అని అడిగావా? అడగవు. ఇవ్వలేదని కుమిలిపోవడంలో ఉన్న సుఖం అడిగి తీసుకోవడంలో ఉండదు నీకు.

ఇంక నాకు రాయకు.


మార్చి 29

చెల్లీ,

రాయవద్దన్నావు. చదవవద్దని నీకెవరూ చెప్పలేదుగా.

నిన్న మీ ఊరు వచ్చాను. బస్సులో నా పక్కనాయన దారి పొడుగునా ఏవో గింజలు నములుతూ పొట్టు నా చొక్కా మీద రాల్చాడు. దిగేటప్పుడు "ఉంటానండీ" అన్నాడు, నేనేదో ఉండమన్నట్టు. ఇవన్నీ ఓర్చుకుని వచ్చింది నీ ఉత్తరంలో అబద్ధం పట్టుకోవడానికి. నట్టుగాడి షెడ్డులో బండి ముక్కలై ఉంటుందని, ఆ ముక్కలు చూసి నీకు ఇంకో కార్డు రాయాలని.

బండి ముక్కలవలేదు. ఒక మూల నిలబడి ఉంది, పైన దుప్పటి కప్పి. నట్టు నన్ను చూసి నోట్లోంచి నట్టు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. అసహ్యం.

"కుట్టు కొట్టు అమ్మగారి అన్నగారు కదూ?" అన్నాడు.

"ఎలా తెలుసు?" అన్నాను.

"మీ చొక్కా రెండు వారాలు ఆ సీటు మీదే కూర్చుందండీ. భుజాలు చూసి పోల్చుకున్నాను" అన్నాడు. దుప్పటి తీసేసి, "ఎక్కండి పెద్దాయనా" అన్నాడు.

ఎక్కాను. చేతులు ముందుకి చాపబోయాను, నొప్పికి సిద్ధపడి పళ్ళు బిగించుకున్నాను కూడా. చాపాల్సిన పని పడలేదు. గ్రిప్పులు వచ్చి అరచేతుల్లో కూర్చున్నాయి. మోచేతులు కుర్చీలో ఉన్నట్టే ఉన్నాయి. భుజం మాట్లాడలేదు. ఈ మధ్యకాలంలో నాకు సరిగ్గా అమరిన వస్తువు ఇంకోటి లేదు. కళ్ళజోడుతో సహా.

నట్టు స్టార్టు చేసి ఇచ్చాడు. షెడ్డు వెనక ఖాళీ స్థలంలో తోలాను. చుట్టూ పాత టైర్లు, ఒక చివర ఇటుక గోడ. గోడ దాకా వెళ్ళాను. దాని ముందు ఆగాను. పచ్చి ఇటుకల మీద ఎవరో ఉమ్మిన మరకలు కనిపించేటంత దగ్గరగా ఆగాను. తిప్పుకుని వచ్చాను. మళ్ళీ వెళ్ళాను. గోడకి కొట్టలేదు. హ్యాండిల్ ఎడమకి తిప్పినా బండి అరవలేదు. వైరు పొడుగు సరిపోయింది.

"పట్టుకెళ్ళిపొండి. నాకు అమ్మగారు కోపంలో ఇచ్చారు, నేను వస్తువు పోకుండా ఉంచాను. అంతే" అన్నాడు నట్టు.

తాళం చెవి వాడి బల్ల మీద పెట్టి వచ్చేశాను. నువ్వు ఇచ్చింది కాదు కాబట్టి.

తర్వాత నీ కొట్టు ఎదురుగా, రోడ్డుకి ఇవతల కాసేపు నిలబడ్డాను. మిషను మీద వంగి ఉన్నావు. బల్ల మీద ఎవరూ లేరు. మధ్యలో లేచి అరలన్నీ తడుముకున్నావు, సొరుగులు లాగావు. కళ్ళజోడు నీ నెత్తి మీదే ఉంది. రోడ్డు దాటి వచ్చి చెప్పాలనుకున్నాను. రాలేదు. నీ కొట్టులో నలుగురి ఎదుట చదివించిన ఆ కార్డు రాసిన మొహంతో ఆ గడప ఎలా ఎక్కను?

ఆ కార్డు గురించి ఇంకొంచెం రాయబోతే చెయ్యి సాగడం లేదు. భుజం నొప్పి అనుకో. అంచులు మడిపించుకోవడానికి వచ్చినావిడ పేరు, వీధి రాసి పంపితే ఆవిడకి విడిగా ఒక ఉత్తరం రాస్తాను. కవరులో.

బండి ఎవరి దగ్గర ఉండాలో నువ్వే చెప్పు. నువ్వు ఇస్తే తీసుకుంటాను. ఇవ్వకపోతే అడగను అని రాయబోయాను. కొట్టేశాను. అడుగుతున్నాను. నా బండి నాకు ఇయ్యి. చొక్కా కూడా.

బావ ఫోటో నీ గల్లా పెట్టె పైన ఉంది. రోడ్డు ఇవతల్నుంచి కూడా కనపడుతోంది. ఆయనతో నేను మాట్లాడేది ఏదైనా ఉంటే అది నాకూ ఆయనకీ మధ్య సంగతి, ఇక్కడ రాయను.

నీ అన్నయ్య

తా.క. నా కోపం తగ్గిందనుకునేవు. రవంత కూడా తగ్గలేదు. నీ దగ్గర నా ఉత్తరాలు చింపకుండా మిగిలి ఉంటే ఈ సవరణ వాటి మొదటి పేజీలో అంటించుకో: ‘మీ ఆయన’ అని ఉన్న చోటల్లా ‘నాన్న’ అని చదువుకోవాలి.